రసెల్ బ్లాకులు ఎవరు లెక్కపెట్టారు?

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలను పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. కానీ పిల్లలు పొద్దుటినుంచీ ఆడి అలిసిపోయారు, కళ్లన్నీ ఆ బహుమతుల బల్ల మీదే ఉన్నాయి. అందుకని అందరికీ కలిపి ఒక్కటే నమస్కారం.

నన్ను బాస్కెట్‌బాల్ ఆటగాడు బిల్ రసెల్ జీవితం గురించి చెప్పమన్నారు. వరుసగా రాసుకొచ్చాను. 1934లో అమెరికాలోని లూసియానాలో, వెస్ట్ మన్రోలో పుట్టాడు. నల్లవాళ్లను మనుషుల్లా చూడని చోటు. పెట్రోలు బంకులో తెల్లవాళ్లందరికీ పోశాకే నీకంటూ వాళ్ల నాన్నను నిలబెట్టారు. ఆయన వెళ్లిపోబోతే తుపాకీ చూపించారు. ఆ తర్వాత ఇల్లంతా కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌కు తరలిపోయింది. పన్నెండేళ్లకే తల్లి పోయింది. స్కూల్ టీములో చోటు దొరకడమే కష్టమైంది. స్కాలర్‌షిప్ ఇస్తామన్నది శాన్ ఫ్రాన్సిస్కో విశ్వవిద్యాలయం ఒక్కటే. ఆ కాలేజీని 1955లో, 1956లో జాతీయ ఛాంపియన్‌ని చేశాడు. 1956లోనే మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం. ఆ వెంటనే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో బోస్టన్ సెల్టిక్స్ జట్టు. 13 సీజన్లు, 11 టైటిళ్లు, 5 ఎంవీపీలు, అంటే ఐదుసార్లు ఆ ఏటి మేటి ఆటగాడు. 2022లో కన్నుమూశాడు.

అయిపోయింది. ఇదంతా మీ ఫోన్లలో ఉన్నదే. కాగితం మడిచి జేబులో పెట్టేస్తున్నాను. ఇక నా గోడు వినండి.

నేను స్కోర్ టేబుల్ మనిషిని. కోర్టు పక్కన బల్ల దగ్గర కూర్చుని, బంతి బుట్టలో పడితే గీత గీస్తాను, ఫౌల్ అయితే గుర్తు పెడతాను. బంతి పడకుండా ఎవరైనా ఆపితే? ఆ షీటులో దానికి గడి లేదు. ఎప్పుడూ లేదు. ఏ టోర్నమెంటులో చూసినా అత్యధిక పాయింట్లు కొట్టినవాడికి కప్పు. డిఫెన్స్ చేసినవాడికి చప్పట్లు కూడా కరువే.

ఇప్పుడు చెప్పండి, రసెల్ తన కెరీర్ మొత్తంలో ఎన్ని బ్లాకులు చేశాడు, అంటే అవతలివాడి షాట్లు ఎన్ని చేత్తో ఆపాడు? ఫోన్లు తీయకండి, దొరకదు. ఎందుకంటే ఎన్‌బీఏ బ్లాకులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1973–74 సీజన్‌లో. రసెల్ 1969లోనే ఆట మానేశాడు. రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ల బంతిని అందుకోవడం, రాశారు కాబట్టి 21,620 అని తెలుసు. పాయింట్లు రాశారు కాబట్టి మ్యాచ్‌కు సగటు 15.1 అని తెలుసు. ఆయన్ని రసెల్‌ని చేసిన పనికి మాత్రం లెక్క లేదు. బల్ల దగ్గర నాలాంటివాడే ఒకడు పెన్ను పట్టుకుని, కళ్లప్పగించి చూసి, ఏమీ రాయకుండా ఊరుకున్నాడన్నమాట!

పిల్లలూ, ఇది మీకోసం. బ్లాక్ అంటే బంతిని ప్రేక్షకుల్లోకి బాదేయడం అనుకుంటారు మీరు. ఈలలు బాగానే పడతాయి, కానీ బంతి మళ్లీ అవతలి వాళ్లకే వెళ్తుంది. రసెల్ అలా బాదేవాడు కాదు. వేళ్లతో మెల్లగా తట్టి, బంతిని కోర్టులోనే ఉంచి, తనవాడి చేతికి అందేలా చేసేవాడు. అది జట్టు సహచరుడు కూసీ చేతిలో పడిందంటే అటు చివర బాస్కెట్ పడ్డట్టే. ఆ రెండు పాయింట్లూ ఎవరి పేరున రాస్తారు? వేసినవాడి పేరున. పైగా రసెల్ ఎడమచేతివాటం. షాట్ కొట్టేవాళ్లలో ఎక్కువమందిది కుడిచెయ్యి. ఎదురుగా నిలబడితే ఆయన ఎడమచెయ్యి సరిగ్గా ఆ కుడిచేతికి అడ్డంగా వస్తుంది. ప్రతి షాటూ ఆపక్కర్లేదు, ఆపుతాడేమో అని అవతలివాడు అనుకుంటే చాలు అనేవాడు. వాడు భయపడి వంకరగా వేసి తప్పిన షాట్లకు ఏ గడిలో గీత గీయాలి?

1957 ఫైనల్స్, టైటిల్ తేల్చే ఏడో మ్యాచ్, ప్రత్యర్థి సెయింట్ లూయిస్ హాక్స్. చివరి నిమిషంలో హాక్స్ ఆటగాడు కోల్‌మన్‌కు కోర్టు మధ్యలో బంతి దొరికింది. ముందు ఖాళీ. రసెల్ ఆ వెనక కొసన, బేస్‌లైన్ దగ్గరున్నాడు. అక్కణ్నుంచి పరుగెత్తుకొచ్చి ఆ షాట్ ఆపేశాడు. అది పడి ఉంటే హాక్స్ ముందుకు వెళ్లిపోయేవాళ్లు. స్కోరు సమమై, రెండు ఓవర్‌టైమ్‌లు (అదనపు సమయాలు) ఆడి 125–123తో గెలిచారు. బోస్టన్‌కు అదే మొదటి టైటిల్. పుస్తకాల్లో ఏముంది? సెల్టిక్స్ ఆటగాడు హైన్సన్ 37 పాయింట్లు. రసెల్ 19 పాయింట్లు, 32 రీబౌండ్లు. ఆ పరుగు చూసినవాళ్ల నోట మాత్రమే మిగిలింది.

1961–62 సంగతి ఇంకా విడ్డూరం. వేరే జట్టు ఆటగాడు విల్ట్ చాంబర్లిన్ ఆ ఏడాది మ్యాచ్‌కు సగటున 50.4 పాయింట్లు కొట్టాడు, ఒక మ్యాచ్‌లో అయితే ఏకంగా 100. ఆ ఏటి మేటి ఐదుగురి జట్టులో సెంటర్‌గా, అంటే బుట్ట దగ్గర ఆడే పొడుగాటి ఆటగాడిగా, విల్ట్‌నే ఎంచారు. రసెల్‌ది రెండో జట్టు. కానీ అప్పట్లో ఎంవీపీని ఎంచుకునేది ఆటగాళ్లు. వాళ్లు ఎవరికి ఓటేశారు? రసెల్‌కి. అవునండీ, రెండో జట్టు సెంటర్‌కి! షాట్ వేయబోయి ఆ చెయ్యి ఎదురుగా లేవడం చూసినవాళ్లు కదా మరి. ముందు వరసలో కూర్చున్న తల్లిదండ్రులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి. ‘ఎన్ని పాయింట్లు కొట్టావురా’ అన్నది తప్ప ఇంకో ప్రశ్న మీ నోట వినలేదు నేను.

1961లోనే మరొకటి జరిగింది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కెంటకీలోని లెక్సింగ్టన్‌లో ఎగ్జిబిషన్ మ్యాచ్. హోటల్ కాఫీ షాపులో నల్ల ఆటగాళ్లకు వడ్డించం అన్నారు. రసెల్, తోటి నల్ల ఆటగాళ్లు ఆడకుండా విమానమెక్కి వెళ్లిపోయారు. అంత ఆట ఆడిన బోస్టన్ ప్రాంతంలోనూ ఆయన ఇంట్లో దొంగతనంగా జొరబడి ట్రోఫీలు విరగ్గొట్టారు, గోడల మీద బూతులు రాశారు. అదే మనిషిని 1966లో సెల్టిక్స్ కోచ్‌ని చేశారు. ఎన్‌బీఏలో మొదటి నల్లజాతి హెడ్ కోచ్. ఆడుతూనే కోచింగ్ చేసి రెండు టైటిళ్లు గెలిచాడు.

అందులో రెండోది 1969. లాస్ ఏంజెలెస్‌లో ఏడో మ్యాచ్. ఆ ఊరి జట్టు లేకర్స్ యజమాని గెలుపు ఖాయమనుకుని పైకప్పుకి బెలూన్లు కట్టించాడు. బోస్టన్ 108–106తో గెలిచింది, బెలూన్లు పైనే ఉండిపోయాయి. రసెల్ ఆఖరి మ్యాచ్ అది. పాయింట్లు ఆరు. అవును, ఆరే! రీబౌండ్లు 21. ఫైనల్స్ ఎంవీపీ అవార్డు ఆ ఏడాదే మొదలుపెట్టి, ఓడిన జట్టులోని జెర్రీ వెస్ట్‌కు ఇచ్చారు. ఇప్పుడు ఆ అవార్డుకు ఎవరి పేరుందో తెలుసా? బిల్ రసెల్ పేరు. 2009లో పెట్టారు. నలభై ఏళ్లు పట్టింది.

మనకు అన్నేళ్లు అక్కర్లేదు. నిర్వాహకులకు నా మనవి ఒక్కటే. వచ్చే టోర్నమెంటు నుంచి స్కోర్ షీటుతో పాటు ఇంకో కాగితం పెడదాం. బ్లాకులు, లాక్కున్న బంతులు, చెడగొట్టిన పాస్‌లు, అన్నీ దాని మీదికి ఎక్కాలి. నేనొక్కణ్నే రెండు కాగితాలు రాయలేను. కాబట్టి ఆట తెలిసిన ఇద్దరు కావాలి. అక్కలైనా సరే, రిటైరైన మాస్టార్లయినా సరే. సభ అవగానే బల్ల దగ్గరికి వచ్చి పేర్లు ఇవ్వండి. మీ పిల్లలు ఆడే మ్యాచ్‌లకు మాత్రం మిమ్మల్ని కూర్చోబెట్టను, అది ముందే చెబుతున్నా.