డోలోరెస్ ఓరియర్డన్: లిమరిక్ యాసను వదులుకోని గొంతు

[తెరపై: ఐర్లండ్ పటం, నైరుతి వైపున లిమరిక్]

ఆల్టర్నేటివ్ రాక్, అంటే ప్రధాన స్రవంతికి భిన్నంగా సాగే రాక్ సంగీతం అనగానే మనలో చాలామందికి 1990ల నాటి అమెరికా బృందాలే గుర్తుకు వస్తాయి. కానీ ఆ దశాబ్దంలో ఒక్క పలుకుతోనే పోల్చుకోగలిగిన గొంతుల్లో ఒకటి ఐర్లండ్‌లోని లిమరిక్ కౌంటీకి చెందిన బాలీబ్రికెన్ అనే పల్లె నుంచి వచ్చింది. డోలోరెస్ ఓరియర్డన్ 1971 సెప్టెంబరు 6న అక్కడ ఒక పెద్ద క్యాథలిక్ కుటుంబంలో ఆఖరి సంతానంగా పుట్టారు. చర్చిలో ఆర్గన్ వాయిస్తూ, బృందగానంలో పాడుతూ పెరిగారు.

1990లో లిమరిక్ నగరంలో నోయెల్, మైక్ హోగన్ సోదరులు, డ్రమ్మర్ ఫెర్గల్ లాలర్ తమ బృందానికి గాయని కోసం వెతుకుతున్నారు. నోయెల్ ఇచ్చిన గిటార్ బాణీని ఇంటికి తీసుకువెళ్లిన డోలోరెస్, కొద్ది రోజుల్లోనే దానికి సాహిత్యం కట్టి తెచ్చారు. అదే ‘లింగర్’. ఆ బృందమే తర్వాత క్రాన్‌బెర్రీస్‌గా పేరు పొందింది.

[తెరపై: స్వరం కింది నుంచి పైకి ఎగిరే గీత]

ఆమె గానంలోని ప్రత్యేకత ఎక్కడుందో చూద్దాం. ఛాతీలో మోగే మంద్రస్వరం నుంచి పైస్థాయిలోని పలుచని స్వరానికి వెళ్లేటప్పుడు గొంతులో ఒక విరుపు వస్తుంది. శిక్షణ పొందిన గాయకులు సాధారణంగా దాన్ని వినిపించకుండా సాఫీ చేసుకుంటారు. డోలోరెస్ మాత్రం ఆ విరుపునే అలంకారంగా మలచుకున్నారు. యోడలింగ్ అంటే ఇదే. దానికి తోడు, ఇంగ్లిష్ పదాలను అమెరికా ఉచ్చారణలోకి మార్చకుండా తన ఊరి యాసలోనే పలికారు. నా దృష్టిలో అసలు సాహసం ఇదే.

1993 మార్చిలో వచ్చిన తొలి ఆల్బమ్‌ను బ్రిటన్ మొదట్లో పెద్దగా పట్టించుకోలేదు. అమెరికాలో సంగీత చానల్ ఎంటీవీ ‘లింగర్’ను పదేపదే ప్రసారం చేశాకే బ్రిటన్ వైపు గాలి మళ్లింది, 1994లో ఆ ఆల్బమ్ అక్కడ మొదటి స్థానానికి చేరింది.

1993 మార్చి 20న ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో, ఉత్తర ఐర్లండ్‌ను బ్రిటన్ నుంచి విడదీయాలని పోరాడిన సాయుధ సంస్థ ఐఆర్ఏ పెట్టిన బాంబులకు మూడేళ్ల బాలుడు, పన్నెండేళ్ల బాలుడు బలయ్యారు. ఆ ఘటనకు స్పందనగా డోలోరెస్ ఒంటరిగా రాసిన ‘జోంబీ’ 1994లో విడుదలైంది. అప్పటిదాకా మృదువుగా సాగిన బృందం ఇందులో గిటార్లను గరగరలాడించింది, ఆమె విరుపు విలాపంగా మారింది. జటిలమైన సంఘర్షణను సరళం చేశారని కొందరు విమర్శించారు. నిజానికి ఆ పాట చరిత్రను విశ్లేషించదు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి పక్షాన మాత్రమే నిలుస్తుంది.

2003లో బృందం విరామం తీసుకోగా, ఆమె రెండు సోలో ఆల్బమ్‌లు చేసి 2009లో తిరిగి కలిశారు. తర్వాతి కాలంలో తనకు బైపోలార్ (అమితోత్సాహానికీ తీవ్ర కుంగుబాటుకూ మధ్య మనసు ఊగే) వ్యాధి ఉందని బహిరంగంగానే చెప్పారు. 2018 జనవరి 15న లండన్ హోటల్‌లో, మద్యం మత్తులో స్నానపు తొట్టెలో ప్రమాదవశాత్తు మునిగి, 46 ఏళ్ల వయసులో మరణించారు.

అప్పటికే ఆమె పాడి ఉంచిన నమూనా రికార్డింగుల చుట్టూ మిగిలిన ముగ్గురూ సంగీతం పూర్తిచేసి, 2019 ఏప్రిల్‌లో చివరి ఆల్బమ్ విడుదల చేశారు. మరో గాయనిని తీసుకోకుండా, దానితోనే క్రాన్‌బెర్రీస్‌ ప్రయాణాన్ని ముగించారు.