మే రీవ్స్ టోపీల దుకాణం

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో, 1940ల నాటి ఒక ఆదివారం ఉదయాన్ని ఊహించుకోండి. వారమంతా పరాయి ఇళ్ళలో అంట్లు తోమి, బట్టలు ఉతికిన నల్లజాతి స్త్రీ చర్చికి బయలుదేరుతోంది. గుండ్రటి అట్టపెట్టె తెరిచి, కొత్త టోపీని రెండు చేతులతో ఎత్తి తల మీద పెట్టుకుంటోంది.

ఆ రోజుల్లో అమెరికాలోని అనేక పెద్ద దుకాణాల్లో ఆమెలాంటివారు టోపీ పెట్టి చూసుకోవడానికి వీలులేదు. నచ్చితే డబ్బిచ్చి తీసుకుపోవలసిందే. వారి డబ్బు పనికివచ్చింది, వారి తల పనికిరాలేదు. టోపీలు తయారుచేసి అమ్మిన నల్లజాతి మహిళ మే రీవ్స్ దుకాణంలో మాత్రం అద్దం ముందు కూర్చుని, ఎన్ని కావాలంటే అన్ని పెట్టి చూసుకోవచ్చు. ఆవిడ జీవితంలో నన్ను కదిలించిన విషయం ఇదే.

మే రీవ్స్ 1912లో జార్జియా రాష్ట్రంలోని విడేలియాలో పుట్టారు. బడిలో పాఠాలు చెబుతూనే, వేసవి సెలవుల్లో చికాగో వెళ్ళి టోపీల పని నేర్చుకున్నారు. 1934లో ఫిలడెల్ఫియా చేరారు. 28 ఏళ్ళ వయసులో, నల్లజాతీయులు నడిపే ఒక బ్యాంకు నుంచి 500 డాలర్ల అప్పు తీసుకుని సౌత్ స్ట్రీట్‌లో సొంత దుకాణం తెరిచారు. ఒక నల్లజాతి యువతిని నమ్మి అప్పిచ్చే బ్యాంకు ఉండడం అప్పట్లో చిన్న విషయం కాదు.

ఈ పనికి ఓపిక కావాలి. ఫెల్టును, అంటే ఉన్నిని అదిమి చేసే దళసరి గుడ్డను, ఆవిరి పట్టి మెత్తబరచాలి. తల ఆకారంలో ఉన్న కొయ్యదిమ్మ మీదికి లాగి, బిగించి, ఆరనివ్వాలి. ఆ తర్వాతే అంచు, రిబ్బను, ఈకలు, ముఖం మీదికి జారే సన్నని వల. ఇవన్నీ ఎవరి ముఖానికి తగ్గట్టు వారికి అమరాలి. గాయనులు మరియన్ ఆండర్సన్, ఎల్లా ఫిట్జెరాల్డ్, లీనా హార్న్ ఆమె దగ్గర టోపీలు కొన్నారు. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, టీచర్లు, సంపన్న గృహిణులు, నల్లవారు, తెల్లవారు అందరూ అక్కడికి వచ్చేవారు. ఎన్నికల రోజున ఆ దుకాణమే పోలింగ్ కేంద్రం!

1953లో దుకాణం పశ్చిమ ఫిలడెల్ఫియాకు మారింది. 1960ల్లో టోపీల ఫ్యాషన్ తగ్గిపోయినా ఆమె పని మానలేదు. చర్చికి వెళ్ళే స్త్రీలు ఆమెను వదలలేదు మరి. 1997 దాకా దుకాణం నడిచింది.

2016 సెప్టెంబరులో వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియం తెరుచుకుంది. అందులో మే రీవ్స్ దుకాణంలో కొంత భాగాన్ని ఆ పాత కుర్చీలు, బల్లలు, కుట్టుమిషను, ఎర్రని నియాన్ బోర్డుతో సహా తిరిగి నిలబెట్టారు. అదే ఏడాది డిసెంబరులో, 104 ఏళ్ళ వయసులో, మే కన్నుమూశారు.