'పీడీఎఫ్ ఉందా అన్నా?': తెలుగు పుస్తకం ఫోన్‌లోకి ఎట్లా వచ్చిందో ఒక చర్చ

(నల్గొండలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం ఇది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడిన చోట్ల కొంచెం సరిచేశాం. మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచాం. పాల్గొన్నవారు నలుగురు: నల్గొండ గడియారం చౌరస్తా దగ్గర పుస్తకాల షాపు నడిపే పెద్దాయన, పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి ఒక ప్రచురణకర్త, మిర్యాలగూడలో టీచరుగా పనిచేస్తూ కథలు రాసే రచయిత్రి, సూర్యాపేటలో డీటీపీ సెంటర్ (కంప్యూటర్‌లో పుస్తకాల పేజీలు కూర్చే చోటు) ఉన్న యువకుడు.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్కారం. ఇవాళ తెలుగు ఈ-బుక్కుల గురించి మాట్లాడుకుందాం. ఇక్కడికి వస్తూ అన్న షాపు దగ్గర ఓ పది నిమిషాలు ఆగాను. ఒకాయన వచ్చి పంచాంగం కొన్నాడు. ఇంకో కుర్రాడు వచ్చి ఒక పుస్తకం తీశాడు, వెనక అట్ట మీద ధర చూశాడు, ముందు అట్టకు ఫోటో తీసుకున్నాడు, మళ్లీ ఉన్నచోటే నీటుగా పెట్టి వెళ్లిపోయాడు. మీరు ఏమీ అనలేదేంటన్నా?

షాపు యజమాని: ఏమనాలి సార్? మొదట్లో అనేవాణ్ని. ఇప్పుడు పక్కకు జరిగి వెలుతురు కూడా ఇస్తున్నా. ఆ ఫోటో తీసుకుపోయి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. కింద 'పీడీఎఫ్ ఉందా అన్నా' అని రాస్తాడు. పొద్దుగూకేలోపు ఎవరో ఒకరు పంపుతారు. మీరు ఈ-బుక్, ఈ-బుక్ అంటున్నారు కదా, మన దగ్గర ఈ-బుక్ అంటే గదే.

ప్రచురణకర్త: గదే కాదు పెద్దాయనా, అసలైన ఈ-బుక్కు కూడా ఉంది. కినిగె లాంటి తెలుగు సైట్లు ఎప్పుడో డబ్బులకు అమ్మడం మొదలుపెట్టాయి.

షాపు యజమాని: ఉంది, కాదనను. మా షాపుకొచ్చేవాళ్లలో ఎంతమందికి తెలుసో అడుగు.

వ్యాఖ్యాత: అసలు ఎక్కడ తప్పింది? తమిళంలో, మలయాళంలో ఈ-బుక్కులు కొనడం మామూలైంది కదా.

ప్రచురణకర్త: ఒక కారణం సూటిగా చెప్తాను. 2016 డిసెంబరులో అమెజాన్ తన ఈ-బుక్ వేదిక కిండిల్‌లో భారతీయ భాషలకు తలుపు తెరిచింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. ఆ వరసలో తెలుగు లేదు. కన్నడమూ లేదు. తమిళంలో రాసేవాడు ఇంట్లో కూర్చుని రాత్రికి రాత్రి పుస్తకం పెట్టి అమ్ముకునే దారి దొరికింది. మనకు అప్పుడు ఆ దారి దొరకలేదు. దారి లేనప్పుడు జనం చదవడం మానేస్తారా? మానరు. ఎవరో స్కాన్ చేస్తారు, ఇంకెవరో పంచుతారు. అలా ఉచితమే అలవాటైంది. ఒకసారి ఉచితం అలవాటయ్యాక 50 రూపాయలు కూడా బరువే.

డీటీపీ యువకుడు: సార్, నేనొక మాట చెప్పాలి. వాళ్లు దారి ఇచ్చినా మన దగ్గర బండి లేదు.

వ్యాఖ్యాత: అంటే?

డీటీపీ యువకుడు: మా సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా చేసిన పుస్తకాలన్నీ, పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే పాత రకం తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. తెర మీద చూస్తే తెలుగే. లోపల మాత్రం ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు. ఫాంట్ తీసేస్తే అంతా గజిబిజి. అచ్చుకు ఇబ్బంది లేదు, ప్రెస్సుకు కావాల్సింది బొమ్మే. ఈ-బుక్‌కు యూనికోడ్ కావాలి, అంటే ఏ ఫోన్ అయినా తెలుగు అక్షరాన్ని తెలుగు అక్షరంగానే గుర్తుపట్టే పద్ధతి. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచీ చోటుంది. మేం మాత్రం అటు పోలేదు.

వ్యాఖ్యాత: మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదా?

డీటీపీ యువకుడు: ఉన్నాయి. మారుస్తాయి కూడా. 'ప్రభుత్వం' ఇస్తే 'పభుత్వం' వస్తుంది, ఆ ర వత్తు పోయి పక్క మాట నెత్తిన కూర్చుంటుంది. లైను చివర మాట విరిచిన చోట పెట్టిన గీత పేరా మధ్యలో తేలుతుంది. ప్రతి పేజీ పైన ఉండే పుస్తకం పేరు వాక్యం నడుమ దూరుతుంది. '...అని ఆమె కళ్లు తుడుచుకుని 47 ఇంట్లోకి వెళ్లింది.' ఆ 47 పేజీ నంబరు. (నవ్వులు) 200 పేజీల పుస్తకాన్ని మళ్లీ మొదటి నుంచి ప్రూఫ్ చూడాలి. ఎవరిస్తారు సార్ ఆ డబ్బు? అందుకే అందరూ అదే ఫైలును పీడీఎఫ్ చేసి 'ఈ-బుక్ రెడీ' అంటారు. ఫోన్‌లో తెరిస్తే చీమ తలకాయంత అక్షరాలు. పెద్దది చేస్తే లైను పక్కకు పోతుంది. ఒక్కో లైనుకు వేలితో అటూ ఇటూ జరుపుకుంటూ నవల చదవాలి.

రచయిత్రి: మా అత్తమ్మ అట్లా నాలుగు పేజీలు చదివి, 'పుస్తకం చదివినట్టు లేదమ్మా, బియ్యంలో రాళ్లు ఏరినట్టుంది' అంది.

వ్యాఖ్యాత: మేడం, మీరు అచ్చులోనూ రాశారు, ఫోన్‌లోనూ రాస్తున్నారు. మీకు ఏది లాభం?

రచయిత్రి: లాభమా! (నవ్వు) మొదటి కథల పుస్తకం ఇక్కడున్న ఈ ప్రచురణకర్త సారే వేశారు, 2009లో. వెయ్యి కాపీలు. ఎన్ని అమ్మారో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

ప్రచురణకర్త: మేడం, అవి ఇంకా...

రచయిత్రి: ఉన్నాయి, తెలుసు. నేనేమీ అనడం లేదు సార్. ఇప్పుడు ఒక యాప్‌లో ధారావాహిక రాస్తున్నాను, పేరెందుకులెండి. రాత్రి పదింటికి ఒక భాగం పెడితే తెల్లారేసరికి కామెంట్లు వస్తాయి. గల్ఫ్‌లో ఉన్న వాళ్లు, పగలంతా షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు చదువుతారు. అచ్చు పుస్తకానికి ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఉత్తరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అది నిజమైన సంతోషం, దాచను. కానీ రోజూ భాగం పెట్టకపోతే మన కథ కిందికి జారిపోతుంది. అందుకని ప్రతి భాగం చివర ఎవరో ఒకరు తలుపు కొట్టాలి. నా కథల్లో ఇప్పుడు తలుపులు కొట్టేవాళ్లు ఎక్కువైపోయారు. డబ్బులంటారా, లెక్క వాళ్లు చూపించిందే. మధ్యలో నియమం మార్చారు, ఎందుకని అడిగితే యంత్రం జవాబిచ్చింది.

షాపు యజమాని: మాకు యంత్రం కాదు, డిస్ట్రిబ్యూటర్ ఇచ్చేవాడు ఆ జవాబు.

వ్యాఖ్యాత: ఒప్పందాల సంగతి కూడా చూద్దాం. చాలామంది రచయితలు 'సర్వహక్కులు ప్రచురణకర్తవి' అన్న ఒక్క ముక్క మీద సంతకం పెట్టి ఉంటారు. కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కులు ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లే. ఇక 2012 సవరణతో ఇంకొకటి చేరింది. ఒప్పందం నాటికి లేని, లేదా వాడుకలోకి రాని మాధ్యమానికి ఆ బదిలీ వర్తించదు, దాని పేరు ప్రత్యేకంగా రాసి ఉంటే తప్ప. అచ్చు, ఈ-బుక్, ఆడియో విడివిడిగా రాసుకోవాలి.

ప్రచురణకర్త: మేం ఇప్పుడు విడిగానే రాస్తున్నాం. ఇంకో మెలిక ఉంది, పన్ను. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. ఈ-బుక్‌కు మొదట 18 శాతం వేశారు. 2018 జూలైలో 5కు తగ్గించారు, అది కూడా ఆ పుస్తకానికి అచ్చు రూపం ఉంటేనే. కాగితం చూడకుండా నేరుగా ఫోన్‌లోకి వచ్చిన కథకే పన్ను ఎక్కువన్న మాట.

వ్యాఖ్యాత: మీ అసలు వ్యాపారం పోటీ పరీక్షల పుస్తకాలు కదా. అక్కడ దెబ్బ ఎక్కువా?

ప్రచురణకర్త: అక్కడ పీడీఎఫ్ దెబ్బ తగలక ముందు కూడా దెబ్బే. 2016 దసరాకు తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. మా ఒక్క పాలమూరే నాలుగు ముక్కలు. గోదాములో ఉన్న జీకే పుస్తకాలు ఒక్క పూటలో చిత్తు కాగితం. మళ్లీ వేశాం. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట, ములుగు వచ్చాయి, ముప్పై మూడు. మళ్లీ చిత్తు. కిలోల లెక్కన తూకం వేస్తుంటే నేను బయటికి వెళ్లి నిలబడ్డా. ఫైలైతే రాత్రికి రాత్రి దిద్దుకోవచ్చు. ఆ మేరకు డిజిటల్ నాకు దేవుడే. కానీ గ్రూప్స్ రాసే పిల్లలు పది మంది కలిసి ఒక పుస్తకం కొని, ఫోన్‌తో పేజీపేజీ ఫోటో తీసుకుంటారు. వాళ్ల మీద కోపం కూడా రాదు సార్. రూం కిరాయి కట్టి, మెస్ బిల్లు కట్టి, మూడేళ్లుగా నోటిఫికేషన్ కోసం చూసినవాళ్లు.

షాపు యజమాని: కోపం ఎందుకు, మనమూ అట్లనే చదివినం. నకిరేకల్ దగ్గర పుట్టిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారని మా నాయన చెప్పేవాడు. ఆ నైజాం రోజుల్లో తెలుగు పుస్తకం చేతిలో పెట్టడమే పెద్ద పని. ఆయన అమ్మాడు, గమనించండి. పంచిపెట్టలేదు. అణా అయినా తీసుకునేవాడు.

వ్యాఖ్యాత: ఇప్పుడైతే పంచినా తప్పులేదు. ఆయన పోయింది 1961లో. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లు కాపీరైట్. అంటే ఆయన బతికుండగా అచ్చైన రచనలు 2022 నుంచి ఎవరైనా వేసుకోవచ్చు. 1953లో పోయిన పాలమూరు రచయిత సురవరం ప్రతాపరెడ్డి గారివి 2014 నుంచే. పాలమూరు వాళ్లు వాటిని శుభ్రంగా యూనికోడ్‌లో పెట్టుకుంటే అడిగేవాళ్లు లేరు.

ప్రచురణకర్త: విగ్రహానికి చందా ఇమ్మంటే ఇస్తారు సార్. ప్రూఫ్ రీడింగ్‌కు అంటే 'అదేంటి' అంటారు.

వ్యాఖ్యాత: వనపర్తి నుంచి ఫోన్‌లో ఒకరు ఉన్నారు. చెప్పండి సార్.

ఫోన్‌లో (వనపర్తి): నమస్తే. నేను జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్తాను. నాకు చూపు లేదు. ఫోన్‌లో అక్షరాలు చదివి వినిపించే ఏర్పాటు ఉంటుంది, దానితోనే నా చదువంతా. మీరందరూ పీడీఎఫ్ ఉచితం, ఉచితం అంటున్నారు. నాకది ఉచితంగా కూడా పనికిరాదు. స్కాన్ చేసిందైతే ఫోన్ 'ఇమేజ్' అని ఊరుకుంటుంది. ఆ మేడం కథల పుస్తకం ఒక స్నేహితుడు పంపాడు, డీటీపీ ఫైలు నుంచి చేసిన పీడీఎఫ్. తెరిచి చెవి దగ్గర పెట్టుకున్నా. ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తు, బ్రాకెట్, కామా... వరుసగా వస్తూనే ఉన్నాయి. ముందు మాట అట్లా ఉందేమో, కథ మొదలయ్యాక బాగవుతుందేమో అని చాలాసేపు విన్నాను.

(స్టూడియోలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

రచయిత్రి: సార్... నాకు తెలియదు సార్ ఇది.

ఫోన్‌లో: మీరేం చేస్తారమ్మా. నేను చెప్పేది ఒక్కటే. డబ్బులు పెట్టననలేదు. ధర రెండింతలు పెట్టండి, కొంటా. కొనడానికి వస్తువు ఉండాలి కదా.

వ్యాఖ్యాత: చట్టం మీ వైపే ఉంది సార్. 2012 సవరణ ప్రకారం, చూపు లేనివారు చదువుకునే రూపంలోకి లాభం ఆశించకుండా మార్చుకుంటే రచయిత అనుమతి కూడా అక్కర్లేదు. ఇందుకోసం వచ్చిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే.

ఫోన్‌లో: చట్టం నాకూ తెలుసు సార్. చట్టం చదివి వినిపించదు కదా. ఇంగ్లిషులో ఉన్న ఆ చట్టాన్నైతే ఫోన్ బాగానే చదువుతుంది అనుకోండి. (నవ్వు)

డీటీపీ యువకుడు: మేడం, మీ పుస్తకం మా సెంటర్‌లోనే చేశారు. మా బాబాయి టైపు చేశాడు, నాకు గుర్తుంది. ఫైలు దొరికితే నేను మారుస్తా. ప్రూఫ్ మాత్రం మీరే చూసుకోవాలి.

రచయిత్రి: చూస్తాను. సెలవుల్లో ఆ పని పెట్టుకుంటా. ఫైలు ఎక్కడుంది?

డీటీపీ యువకుడు: సీడీలో రాసి సార్‌కే ఇచ్చాం.

ప్రచురణకర్త: ఉంది. బీరువా మీద అట్టపెట్టెలో, నాటి సీడీలన్నీ ఉన్నాయి. సీడీ పెట్టే కంప్యూటరే లేదు నా దగ్గర.

డీటీపీ యువకుడు: మా దగ్గరుంది సార్. పాత డబ్బా, ఫ్యాన్ మోత మోగుతుంది. ఇట్లాంటి వాటికోసమే అమ్మలేదు. ఆదివారం పెట్టె మొత్తం పట్టుకురండి, ఎన్ని తెరుచుకుంటాయో చూద్దాం.

షాపు యజమాని: తమ్మీ, అయిపోయాక ఆ ఫైలు నాక్కూడా పంపు.

రచయిత్రి: మీరు కూడా పీడీఎఫ్ అడుగుతున్నారా అన్నా?

షాపు యజమాని: పీడీఎఫ్ కాదమ్మా, ఆ చదివి వినిపించేది. షాపులో పెట్టి అమ్ముతా.

రచయిత్రి: ఎంతకు?