లెక్క ఉంటే నిద్ర పడుతుందా?

సభకు నమస్కారం. అధ్యక్షులు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం: ధనం, మన సీమ మాటలో లెక్క, సుఖాన్నిస్తుందా, ఇందులో ప్రభుత్వం చేయాల్సిందేమిటి? మొదటి సగానికి మన కడపలో జవాబు దొరకడం కష్టం కాదు. సోమవారం పొద్దున కలెక్టరేట్ దగ్గరికి పోండి. అర్జీలు పట్టుకొని వరుసలో నిలబడినవాళ్ళతో "లెక్కలో ఏముందిలేమ్మా, మనశ్శాంతి ముఖ్యం" అని చెప్పి చూడండి. వాళ్ళేమంటారో నేను ఈ మైకులో చెప్పలేను. డబ్బులో సుఖం లేదన్న మాట నేను విన్నప్పుడల్లా డబ్బున్నవాళ్ళ నోటనే విన్నాను.

అర్థశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి, దీన్ని కొలిచినవాళ్ళు ఏమన్నారో కాస్త చెప్పి ముందుకు పోతా. 1974లో రిచర్డ్ ఈస్టర్లిన్ అనే అమెరికా ఆర్థికవేత్త ఒక చిక్కుముడి బయటపెట్టాడు. ఏ దేశంలోనైనా లేనివాడికంటే ఉన్నవాడే ఎక్కువ సంతోషంగా ఉన్నానంటాడు. కానీ దేశానికి దేశం ఏళ్ళ తరబడి సంపన్నమవుతూ పోయినా, సంతోషంగా ఉన్నామనేవాళ్ళు ఆ మేరకు పెరగలేదు. మనం చూసుకునేది మన జేబును కాదు, పక్కవాడి మేడను అని దానికి ఆయన చెప్పిన కారణం. ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు, ఆ వాదం ఇంకా తెగలేదు.

2010లో డానియల్ కానమన్, ఆంగస్ డీటన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికా జనాన్ని చూసి, ఏడాదికి 75 వేల డాలర్ల దాకా ఆదాయంతో పాటు రోజువారీ సంతోషం పెరుగుతుంది, ఆపైన పెరగదు అని రాశారు. పత్రికలు ఆ అంకెను ఊరేగించాయి. 2021లో మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్ అనే పరిశోధకుడు, ఫోన్ యాప్‌లో మనుషులను రోజులో అప్పుడప్పుడు పలకరించి "ఇప్పుడెట్లా ఉంది?" అని అడిగి, అక్కడేం ఆగడం లేదే, పెరుగుతూనే ఉందే అన్నాడు. నాకు నచ్చిన సంగతి ఆ తర్వాతది. నోబెల్ అందుకున్న కానమన్ ఆ చిన్నవాడి మీద కయ్యానికి పోలేదు. బార్బరా మెల్లర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మధ్యవర్తిగా ఇద్దరూ కూర్చొని లెక్కలన్నీ తిరగేసి, 2023లో ముగ్గురూ కలిసి ఒకే వ్యాసం రాశారు. మన సాహిత్య సభల్లో ఇట్లాంటిది జరిగినట్టు నాకైతే గుర్తులేదు. చివరికి తేలిందేమంటే, చాలామందికి ఆదాయంతో పాటు సంతోషం పెరుగుతూనే పోతుంది. అందరికంటే దిగులుగా ఉన్న ఇరవై శాతం మందికి మాత్రం లక్ష డాలర్ల దగ్గర ఆగిపోతుంది. అక్కడిదాకా డబ్బు వాళ్ళ బాధను తగ్గిస్తుంది. ఆపైన మిగిలేది డబ్బుకు లొంగని బాధ: అయినవాళ్ళ చావు, ఎడబాటు, మనోవ్యాధి.

ఆ డాలర్లను రూపాయల్లోకి మార్చి మన జిల్లాకు అంటించకండి. నేను అందులోంచి తీసుకునేది ఒక్కటే. డబ్బు చేసే మొదటి పని సుఖం తేవడం కాదు, బాధను తగ్గించడం.

ఇక మన ఊర్లకు వద్దాం. రాజంపేట, రాయచోటి వైపు ఏ పల్లెకు పోయినా కువైట్ ఇల్లొకటి కనబడుతుంది. నేను చూసిన ఒక ఇంటి సంగతి చెప్తా. రెండంతస్తులు, ముందర గ్రానైట్ మెట్లు, స్టీలు రెయిలింగు. పైగదిలో ఏసీ ఉంది, దాని మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. కరెంటు బిల్లుకు భయపడి. ఫ్రిజ్ తెరిస్తే నీళ్ళ సీసాలు, ముసలామె ఇన్సులిన్, అంతే. ఆ ముసలామె గ్రానైట్ మీద కాలు జారుతుందని మేడెక్కదు, వసారాలో నులకమంచం మీదనే పడుకుంటుంది. కూతురు పన్నెండేండ్లుగా కువైట్‌లో అరబ్బు ఇంట్లో పని చేస్తోంది. రాత్రయితే ఇమో యాప్‌లో కాల్ వస్తుంది. మనవడు రెండు మాటలు మాట్లాడి ఫోను అవ్వ చేతికిచ్చి పోతాడు.

చూసినవాళ్ళు "ఏం లాభం, ఇల్లుంది గానీ సుఖం లేదు" అంటారు. నాకు ఆ మాట వింటే కోపమొస్తుంది. ఆమె పోయింది సుఖానికా? మొగుడు వేయించిన బోర్లు వరుసగా ఎండినాయి. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు, అంటే ఏడాదికి 36 శాతం, మీద పడింది. మామకు గుండె జబ్బొస్తే ఉన్న కమ్మలు కుదువకు పోయినాయి. అప్పులవాడు వాకిట్లో నిలబడని రోజు కోసం ఆమె పోయింది. ఆ రోజు వచ్చింది కూడా. ఇప్పుడు ఆ వాకిట్లోకి ఎవరూ వచ్చి కేకలెయ్యరు. ముసలామెకు సూది మందు తప్పడం లేదు. పిల్లోడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. డబ్బు తన పని చేసింది. అందుకు ఆమె కట్టిన వెల, తన కొడుకు పెరగడాన్ని చూడకపోవడం.

నేను అడిగేది ఇదీ. వైద్యం, సాగునీళ్ళు, చదువు, ముసలితనంలో నాలుగు రూపాయలు, ఇవన్నీ ఒక ఆడమనిషి సముద్రం దాటి పోయి విడివిడిగా కొనుక్కోవాల్సిన సరుకులా? ప్రభుత్వ పాత్ర అన్న మాటకు నా అర్థం ఇక్కడ మొదలవుతుంది.

ఈమధ్య ప్రభుత్వాలకు సంతోషం మీద మోజు పుట్టింది. భూటాన్ 1970లలోనే స్థూల జాతీయ సంతోషం అన్నది. 2008 రాజ్యాంగంలో కూడా రాసుకుంది. అయినా అక్కడి కుర్రకారు ఆస్ట్రేలియా విమానం ఎక్కుతూనే ఉంది. 2016లో యూఏఈ సంతోషానికి ఒక మంత్రిని పెట్టింది, అదే ఏడు మధ్యప్రదేశ్ ఆనంద శాఖ తెరిచింది. 2018లో మన అమరావతిలోనే హ్యాపీ సిటీస్ సమిట్ జరిగింది. ప్రపంచ సంతోష నివేదికలో 2025లో మనం 147 దేశాల్లో 118వ స్థానమని టీవీలో ఏడ్చారు. ఆ నివేదిక అడిగేది పది మెట్ల నిచ్చెన ప్రశ్న: నీ బతుకు ఇప్పుడు ఏ మెట్టు మీదుంది? రైతును అడిగితే వానను బట్టి చెప్తాడు. నా సంతోషం నా సొంత విషయం, సర్కారు దాన్ని కొలవాల్సిన పని లేదు. నా భయాల సంగతి చూస్తే చాలు.

చూసినప్పుడు ఏమవుతుందో మనకు తెలుసు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మకం అన్న లెక్క మారింది. వృద్ధాప్య పింఛను 200 రూపాయలున్నది 2014లో వెయ్యి, 2024లో నాలుగు వేలు అయింది. ఒకటో తారీఖున చేతిలో నాలుగు వేలు పడే అత్తను "కాఫీ తాగుతావా అత్తా" అని అడిగే కోడళ్ళు పెరిగారు. నవ్వకండి, ఆ కాఫీ చిన్న సంగతి కాదు. పక్క అనంతపురం జిల్లా బండ్లపల్లెలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైనప్పుడు కూడా ఎవరికీ ఆనందం పంచుతామనలేదు. వంద రోజుల పని ఇస్తామన్నారు.

ఉచితాలతో జనం సోమరులవుతారని ఇక్కడే కొందరు గొణుగుతున్నారు, వినబడుతోంది. ఓట్ల కోసం పంచే సరుకులకూ, రోగానికి చేసే వైద్యానికీ తేడా తెలియనంత అమాయకులు కారు మీరు. నా ఫిర్యాదు వేరే. ఈ చేత్తో ఇచ్చి ఆ చేత్తో లాక్కోవడం. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా అంగడి తీసేయమన్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది, 1993లో సారా పోయింది, 1995 జనవరిలో మద్యమే నిషేధమైంది. రెండేళ్ళకే, 1997లో, నిషేధం సడలింది. ఖజానాకు ఆదాయం లేదన్నారు, దొంగరవాణా ఆపలేమన్నారు. ఆ తర్వాత ఏ పార్టీ వచ్చినా మందు ఆదాయం లేకుండా బడ్జెట్ వేయలేదు. నెల మొదట్లో అమ్మకు పింఛను, నెలంతా కొడుకు జేబులోంచి మందుకు.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఇప్పుడు మాత్రం ఎవరు కడుతున్నారు? కేంద్రం వేసే జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం, దేశంలో వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో 2013-14లో 64 రూపాయలు కుటుంబాలే పెట్టుకునేవి. 2021-22కు అది 39కి దిగింది. దిగడం మంచిదే. కానీ ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు డబ్బు కడుతుంది, నెలనెలా షుగరు, బీపీ బిళ్ళలకు, తోడు పోయినవాడు పోగొట్టుకున్న కూలికి కట్టదు. ఆ 39లో బిళ్ళల ఖర్చు చాలా ఉంది, పోయిన కూలి అసలు ఆ లెక్కలోకే రాదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెలకు సరిపడా బిళ్ళలు తప్పకుండా దొరికేటట్టు చేయడం ఆనంద శాఖ పెట్టినంత గొప్పగా వినబడదు, నిజమే.

ఇంకొకటి. పోక తప్పనివాళ్ళనైనా సక్రమంగా పంపాలి. పదో తరగతి పాసుకాని ఆడవాళ్ళను 30 ఏళ్ళు నిండకుండా గల్ఫ్ ఇంటిపనికి పంపకూడదని కేంద్రం నిబంధన. ఏజెంట్లు దాన్ని దాటించడానికి విజిట్ వీసా మీద ఎక్కిస్తారు. అట్లా పోతే ప్రవాసీ భారతీయ బీమా ఉండదు. రెండేళ్ళకు 275 రూపాయలు, ప్రమాదంలో పోతే పది లక్షలు వచ్చే బీమా అది. ఎమిగ్రేషన్ అనుమతి, అంటే పరాయి దేశంలో పనికి పోవడానికి కేంద్రం ఇచ్చే అనుమతి, దానికోసం ఊర్లనుంచి తిరగలేకే జనం ఏజెంటును పట్టుకుంటారు. ఆ పని మండల కేంద్రంలో జరగాలి. ఇది నేను అర్జీ రాసి పెట్టుకున్నా, సంతకాలు చేసేవాళ్ళకు కాగితం బయట బల్ల మీద ఉంది.

ఇక ప్రశ్నలడగండి. వెనక నిలబడిన పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.