ఉచిత గంటలు పోగా నెల బిల్లు 755 పౌండ్లు

నమస్కారం. ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి మాట్లాడుతున్నాను. ఉదయం ఏడున్నర అయింది, మా పాపను నర్సరీకి తీసుకువెళ్తూ ఈ వీడియో మొదలుపెట్టాను. పోయిన ఆదివారం గుంటూరు నుంచి మా అమ్మ ఫోన్ చేసి, "అక్కడ పిల్లల్ని వారానికి 30 గంటలు గవర్నమెంటే ఉచితంగా చూసుకుంటుందట కదే, మరి మీరు నెలనెలా అంత డబ్బు ఎందుకు కడుతున్నారు?" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు కనుక, మా ఇంటి బిల్లునే ముందు పెట్టుకుని ఈరోజు సమాధానం చెబుతాను.

అమ్మ విన్న వార్త నిజమే. 2023 మార్చి బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి జెరెమీ హంట్ ప్రకటించిన ఈ పథకం విడతలవారీగా అమలై, 2025 సెప్టెంబరు నుంచి ఉద్యోగాలు చేసే తల్లిదండ్రుల పిల్లలకు తొమ్మిది నెలల వయసు మొదలుకొని బడిలో చేరేదాకా వారానికి 30 గంటలు ఇస్తోంది. కానీ తల్లిదండ్రులలో కనీసం ఒక్కరికైనా పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వం ఇచ్చే సంక్షేమ సాయం, తీసుకునే హక్కు ఉండాలి. మా వారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద, నేను డిపెండెంట్ వీసా మీద ఉన్నాము; ఇద్దరి వీసాలకూ ఆ హక్కు లేదు. ఇద్దరమూ ఉద్యోగాలు చేస్తున్నాము, ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ అనే సామాజిక భద్రత చందా ప్రతి నెలా జీతంలోనే పోతాయి, అయినా ఆ 30 గంటలు మాకు రావు. మనం 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలిపే ట్యాక్స్ ఫ్రీ చైల్డ్‌కేర్ ఖాతా కూడా ఇదే కారణంతో మాకు తెరవడానికి వీలులేదు. నా ఆఫీసులోనే, నా పక్క సీటులో కూర్చునే తెలుగు అమ్మాయికి ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఉంది కాబట్టి ఆమె బాబుకు ఏడాది నిండకుండానే 30 గంటలు వచ్చాయి. ఆమె మీద నాకు ఈర్ష్య లేదు అంటే అబద్ధం అవుతుంది.

మాలాంటి వాళ్లకు మిగిలేది మూడేళ్లు నిండిన ప్రతి బిడ్డకూ ఇచ్చే 15 గంటలు. దీనికి వీసాతో గాని, జీతంతో గాని సంబంధం లేదు. మన వాళ్లలో కొందరు "పబ్లిక్ ఫండ్స్ వద్దన్నారు కదా, ఇది తీసుకుంటే రేపు ఐఎల్ఆర్‌కు ఇబ్బంది అవుతుందేమో" అని భయపడి అడగకుండానే పూర్తి ఫీజు కట్టేస్తున్నారు. ఆ భయం అక్కరలేదు, ఇది పబ్లిక్ ఫండ్స్ కిందికి రాదు. పాప పాస్‌పోర్టో, బర్త్ సర్టిఫికెట్టో చూపించి, నర్సరీ ఇచ్చే ఫారం మీద సంతకం చేస్తే చాలు.

అయితే మూడో పుట్టినరోజు నాడే అది మొదలు కాదు. పుట్టినరోజు తరువాత వచ్చే టర్మ్ నుంచి, అంటే జనవరి 1, ఏప్రిల్ 1, సెప్టెంబరు 1 తేదీలలో ఏది ముందు వస్తే అప్పటినుంచి లెక్క. మా పాప పుట్టింది ఏప్రిల్ 4న. మార్చి 31న పుట్టి ఉంటే మర్నాటి నుంచే వచ్చేది. నాలుగు రోజుల తేడాకు సెప్టెంబరు దాకా, అయిదు నెలలు పూర్తి ఫీజు కట్టాము. నొప్పులు ముందుగా రానందుకు ఆ అయిదు నెలలూ మా వారు నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నారు.

ఇక లెక్కలోకి వస్తాను. మా నర్సరీలో పది గంటల రోజుకు 80 పౌండ్లు, వారానికి మూడు రోజులు, ఏడాదికి 51 వారాలు, సగటున నెలకు 1,020 పౌండ్లు. వారానికి 30 గంటలలో 15 గంటలు పోతే బిల్లు సగమై 510 అవుతుందని నేను ఎంత ధీమాగా అనుకున్నానో! కానీ ఆ 15 గంటలు బడి నడిచే 38 వారాలకే ఇస్తారు, అంటే ఏడాదికి 570 గంటలు. వాటిని 51 వారాలకు సర్దితే వారానికి 11 గంటల పైచిలుకు మాత్రమే వస్తుంది. గంటకు 8 పౌండ్ల చొప్పున నెలకు 380 తగ్గి 640 కావాలి. సెప్టెంబరు ఇన్‌వాయిస్ తెరిస్తే 755 ఉంది.

ఆ 115 ఎక్కడిదని చూస్తే, కింద ఒకే వరుసలో "అదనపు సేవలు" అని రోజుకు 9 పౌండ్లు వేశారు. నిన్నటిదాకా 80 పౌండ్లలోనే కలిసి ఉన్న భోజనం, న్యాపీలు (డైపర్లు), వైప్స్, సన్‌క్రీమ్ ఉచిత గంటలు మొదలైన నెలలోనే విడిగా లేచి వచ్చాయి. మా పాప న్యాపీలు మానేసి ఏడాది అయింది. ప్రభుత్వం డబ్బు ఇచ్చే గంటలకు ఇలాంటి చార్జీలు తప్పనిసరి చేయకూడదని, ఇన్‌వాయిస్‌లో దేనికెంతో విడివిడిగా చూపాలని ప్రభుత్వ మార్గదర్శకాలలో ఉంది. మిగతా గంటలకు ఆ నియమం వర్తించదు, అది మనకూ నర్సరీకీ మధ్య బేరం. ఈ రెండు మాటలూ రాసి మర్యాదగా ఈమెయిల్ పంపితే మేనేజర్ పిలిచి మాట్లాడారు. మూడు రోజులూ భోజనం ఇంటినుంచి తెచ్చుకుంటే ఆ 9 పౌండ్లు పూర్తిగా తీసేస్తామన్నారు.

ప్రభుత్వం ఇచ్చే డబ్బు చాలడం లేదని మేనేజర్ చెప్పినదానిలో న్యాయం లేకపోలేదు. 2025-26లో మూడు, నాలుగేళ్ల పిల్లలకు ప్రభుత్వం స్థానిక కౌన్సిళ్లకు ఇచ్చిన సగటు రేటు గంటకు 6.12 పౌండ్లు, అందులో కనీసం 96 శాతం నర్సరీలకు చేరాలన్నది అప్పటి నియమం. మా నర్సరీ గంటకు 8 తీసుకునే చోట వాళ్లకు వచ్చింది 6 దగ్గర ఆగింది. మరోవైపు 2025 ఏప్రిల్ నుంచి యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 నుంచి 15 శాతానికి పెరిగింది. రెండేళ్ల లోపు పిల్లలకు ముగ్గురికి ఒకరు, రెండేళ్ల వాళ్లకు అయిదుగురికి ఒకరు చొప్పున మనుషులు ఉండి తీరాలి కాబట్టి జీతాల ఖర్చు తగ్గించుకోవడానికి దారి లేదు. ఆ లోటు ఎక్కడో ఒకచోట పూడాలి, అది న్యాపీల పేరుతో నా బిల్లులో పూడింది. ఉచితం అని ఊరంతా చాటినవాళ్లు ఈ రేటు సంగతి కూడా చెప్పి ఉంటే, మేనేజరూ నేనూ ఎదురెదురుగా కూర్చోవలసిన అవసరం వచ్చేది కాదు.

కేర్ వర్కర్లుగా వచ్చిన మన కుటుంబాలకు ఒక మాట చెప్పాలి. పబ్లిక్ ఫండ్స్ లేకపోయినా, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లలో రెండేళ్ల పిల్లలకు కూడా 15 గంటలు వస్తాయి. ఒక బిడ్డ ఉంటే పన్ను పోగా ఏడాది ఆదాయం లండన్ బయట 26,500, లండన్‌లో 34,500 పౌండ్లు దాటకూడదు, పొదుపు 16,000 మించకూడదు. దీనికి కౌన్సిల్‌ను అడగాలి. ఐఎల్ఆర్ వచ్చినవాళ్లయితే 30 గంటల కోసం దరఖాస్తు చేస్తే ప్రభుత్వం ఇచ్చే కోడ్‌ను టర్మ్ మొదలయ్యే లోపే తీసుకోవాలి, మూడు నెలలకోసారి వివరాలు మళ్లీ నిర్ధారించాలి, ఇద్దరిలో ఎవరి ఏడాది ఆదాయమూ లక్ష పౌండ్లు దాటకూడదు.

ఇదిగో, నర్సరీ గేటు వచ్చింది. నట్స్ తేకూడదన్నారు కాబట్టి పల్లీల పొడి ఇంట్లోనే ఉండిపోయింది. డబ్బాలో పెరుగన్నం, పోపులో ఆవాలు, కరివేపాకు, అడుగున ఐస్ ప్యాక్ ఉన్నాయి. అంగన్‌వాడీలో గుడ్డు, అన్నం పెట్టి పంపిస్తారే అని అమ్మ అన్నప్పుడు నాకు వెంటనే సమాధానం దొరకలేదు. పాప మాత్రం డబ్బాను గుండెకు హత్తుకుని, "ఈరోజు కరివేపాకు తీసేశావా అమ్మా?" అని అడుగుతోంది.