మేలిమి బంగారంలో మిగిలిన మలినాన్ని కొలవడం

అందరికీ నమస్కారం. నగరత్‌పేటలో టంచ్ తీసేవాళ్లూ, అంటే బంగారం మేలిమి పరీక్షించేవాళ్లూ, బెంగళూరు ఎలక్ట్రానిక్స్ కంపెనీల నుంచి వచ్చినవాళ్లూ ఈ గదిలో ఉన్నారు. ఇద్దరికీ కావలసిన లెక్కతో మొదలుపెడతాను. వెయ్యికి 999.9 పాళ్ల బంగారమంటే కిలో కడ్డీలో పరాయి మూలకాలన్నీ కలిపి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే 100 పీపీఎం, పది లక్షల పాళ్లలో 100 పాళ్లు. 999.99 అయితే 10 మిల్లీగ్రాములే.

ఇంత చిన్న తేడా గీటురాయికి గానీ, ఎక్స్‌రేతో పరీక్షించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్‌కి గానీ అందదు. నమూనాను కొలిమిలో శుద్ధిచేసి మిగిలిన బంగారాన్ని తూచే ఫైర్ అస్సే మీద నాకు చాలా గౌరవం. 916 నగకి దాన్ని మించిన పరీక్ష లేదు. కానీ ఎంత శ్రద్ధగా చేసినా వెయ్యికి 0.1, 0.2 అటూ ఇటూ అవుతుంది. ఇక్కడ మనం వెతికే మలినం మొత్తమే 0.1. అందుకని బంగారాన్ని తూచే దారి వదిలేసి, మలినాలను ఐసీపీ మీద (ద్రావణాన్ని మహా వేడి ప్లాస్మాలోకి స్ప్రే చేసి అందులోని మూలకాలను కొలిచే మిషన్) ఒక్కొక్కటిగా కొలిచి, ఆ మొత్తాన్ని వెయ్యిలోంచి తీసేస్తాం. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15093 చెప్పేదీ ఇదే.

అసలు చిక్కంతా ఈ తీసివేతలోనే ఉంది. వెండి, రాగి, ఇనుము, సీసం చూసి ఆగిపోతే, మనం చూడని బిస్మత్, పల్లాడియం బంగారం ఖాతాలో చేరిపోతాయి. జాబితా ఎంత పొట్టిగా ఉంటే కడ్డీ అంత మేలిమిగా కనిపిస్తుంది. రిపోర్టు చేతికొచ్చాక ముందు ఏయే మూలకాలు చూశారో చదవండి, తర్వాతే తొమ్మిదులు లెక్కపెట్టండి.

కడ్డీని తొలిచి నమూనాగా తురుము తీసేటప్పుడు స్టీలు డ్రిల్ బిట్ ఇనుమును అంటిస్తుంది. ఆ తురుమును నీళ్లతో సగానికి పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో పది నిమిషాలు వేడిచేసి, కడిగి, ఆరబెట్టి తూచాలి. ఆ ఆమ్లం ఒక్కటే ఉంటే బంగారం జోలికి పోదు, పైన అంటిన ఇనుమునే తీసుకుపోతుంది.

తూచిన 1 గ్రామును టెఫ్లాన్ బీకరులో వేసి, మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్‌కి ఒక పాలు నైట్రిక్ కలిపిన ఆక్వా రీజియా 10 మిల్లీలీటర్లు పోసి, ఫ్యూమ్ హుడ్‌లో మెల్లగా వేడిచేయండి. చివరికి 100 మిల్లీలీటర్లు చేయాలి. ఇక్కడే వెండి మోసం చేస్తుంది. 90 పీపీఎం వెండి ఉంటే ఆ ద్రావణంలో లీటరుకి 0.9 మిల్లీగ్రాములు వస్తుంది. వట్టి నీళ్లతో పలచన చేస్తే అందులో కొంత వెండి క్లోరైడుగా విడిపోయి, పాత్ర అడుగున కంటికి కనబడనంత పలుచగా పేరుకోవచ్చు. మిషన్ తక్కువ చూపిస్తుంది, కడ్డీ మంచిదనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఆ 100 మిల్లీలీటర్లలో గాఢ హైడ్రోక్లోరిక్ 20 నుంచి 30 మిల్లీలీటర్లు ఉండేలా చూడండి. అదనపు క్లోరైడు వెండిని ద్రావణంలోనే పట్టి ఉంచుతుంది. తెలిసినంత వెండి కలిపి మళ్లీ కొలిచి, అందులో 90 నుంచి 110 శాతం తిరిగి వస్తోందో లేదో కూడా చూసుకోండి.

మిషన్‌ను సరిచూసుకోవడానికి మలినాలను తెలిసినంత కలిపి చేసే స్టాండర్డ్ ద్రావణాల్లోనూ లీటరుకి 10 గ్రాముల బంగారం ఉండాలి, 99.999 శాతం శుద్ధమైనదే. అది లేకపోతే ద్రావణం చిక్కదనం మారి, స్ప్రే మారి, అంకెలన్నీ ఒక పక్కకి ఒరిగిపోతాయి.

పరమాణువులను బరువును బట్టి వేరుచేసే ఐసీపీ మాస్‌లోనైతే బంగారం హైడ్రోజన్‌తో కలిసి 198 బరువు దగ్గర, ప్లాటినమో పాదరసమో ఉన్నట్టు దొంగ సిగ్నల్ ఇస్తుంది. ప్లాటినంకి 195, పాదరసానికి 202 చూడండి.

ఏ మూలకానికి ఎంతవరకు చూడగలమో ముందే తేల్చుకోవాలి. బ్లాంకును, అంటే నమూనా వేయకుండా చేసిన ద్రావణాన్ని, పదిసార్లు చదివి, ఆ అంకెలు ఎంత అటూ ఇటూ అవుతున్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్‌ని మూడుతో, తర్వాత పలచన చేసినన్ని రెట్లు, అంటే 100తో హెచ్చవేయండి. డీవియేషన్ లీటరుకి 0.002 మిల్లీగ్రాములైతే హద్దు 0.6 పీపీఎం. అంతకన్నా తక్కువొస్తే '0.6 కన్నా తక్కువ' అనే రాయాలి, సున్నా అని రాయకూడదు.

ఇప్పుడు బాండింగ్ వైరు సంగతి. చిప్పుల్లో కనెక్షన్లకి వాడే 25 మైక్రాన్ల బంగారు తీగలో గట్టిదనం కోసం బెరీలియం, కాల్షియం కొద్ది పీపీఎంలు కావాలనే కలుపుతారు. బులియన్, అంటే కడ్డీ బంగారం, పరీక్షల జాబితాలో ఇవి సాధారణంగా ఉండవు, అడిగి చేర్పించుకోవాలి. కాల్షియం మరీ మొండిది: దుమ్ములో ఉంది, గాజులో ఉంది, చేతి చెమటలో ఉంది, మన బోరు నీళ్లలో అయితే చెప్పక్కర్లేదు. లవణాలన్నీ తీసేసిన 18.2 మెగా ఓమ్ నీళ్లు, పౌడరు లేని గ్లవ్స్, ఆమ్లంలో నానబెట్టిన టెఫ్లాన్ సామాను వాడండి. అయినా బ్లాంకులో కాల్షియం నమూనాతో సమానంగా వస్తే ఆ అంకెను పంపకండి, బీకర్లు మళ్లీ నానబెట్టి కొత్త తురుముతో మొదలుపెట్టండి.