ఫోన్-ఇన్: సోషల్ సైకాలజీ చదవాలనుకునేవాళ్లకు

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ్టి ఫోన్-ఇన్‌లో యూనివర్సిటీలో సోషల్ సైకాలజీ చదవడం గురించి మాట్లాడుకుందాం. ఈ సబ్జెక్టును చాలా ఏళ్లుగా బోధిస్తున్న ప్రొఫెసర్ గారు మనతో ఉన్నారు. మేడం, అప్పుడే కాల్స్ వస్తున్నాయి. నేరుగా మొదలుపెడదామా?

ప్రొఫెసర్: నమస్కారమండీ. తప్పకుండా.

వ్యాఖ్యాత: హలో, చెప్పండి.

మొదటి కాలర్: నమస్తే మేడం. నేను ఈ ఏడు డిగ్రీలో చేరుతున్నా. సోషల్ సైకాలజీ ఉన్న కోర్సు తీసుకుందామనుకుంటున్నా. ఇంట్లో ఒకరేమో ‘అది చదివితే ఎదుటివాళ్ల మనసులో ఏముందో చెప్పేస్తావా?’ అంటున్నారు. ఇంకొకరు ‘డాక్టరువి అవుతావా?’ అంటున్నారు. వాళ్లకేం చెప్పాలో నాకే తెలియట్లేదు.

ప్రొఫెసర్: రెండూ కాదు బాబూ. మానసిక సమస్యలకు చికిత్స చేసేది క్లినికల్ సైకాలజీ. దానికి వేరే శిక్షణ, వేరే అర్హత ఉండాలి. మనసులో ఏముందో చెప్పే విద్య అయితే ఏ యూనివర్సిటీలోనూ లేదు. పక్కన నలుగురు ఉన్నప్పుడు, లేకపోతే నలుగురు ఏమనుకుంటారో అని మనం ఊహించుకున్నప్పుడు, మన ఆలోచనా మన పనీ ఎలా మారతాయన్నది సోషల్ సైకాలజీ. 1930ల్లోనే కర్ట్ లెవిన్ అనే ఆయన చెప్పాడు, మనిషి ప్రవర్తన ఆ మనిషి మీదా అతనున్న పరిస్థితి మీదా కలిపి ఆధారపడుతుందని. మనం మామూలుగా మొదటి సగం చూసి ఊరుకుంటాం. ఎవరైనా విసుక్కుంటే ‘వాడి స్వభావమే అంత’ అనేస్తాం. వాడు ఆ రోజు ఏ ఒత్తిడిలో ఉన్నాడో అడగం. అడగడం అలవాటు చేసే చదువు ఇది.

మొదటి కాలర్: అంటే అందరూ అలాగే స్వభావాన్నే చూస్తారా మేడం?

ప్రొఫెసర్: మంచి ప్రశ్న వేశావు. అందరూ ఒకేలా చూడరు. 1984లో జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు అమెరికాలోనూ మైసూరులోనూ మనుషుల్ని అడిగింది, మీకు తెలిసినవాళ్లు ఫలానా పని ఎందుకు చేశారని. అమెరికా పెద్దవాళ్లు ఎక్కువగా స్వభావాన్ని కారణంగా చెప్పారు. మైసూరు పెద్దవాళ్లు పరిస్థితినీ, మనుషుల మధ్య సంబంధాల్నీ ఎక్కువగా చెప్పారు. పుస్తకంలో ‘మనుషులు ఇలా చేస్తారు’ అని రాసి ఉంటే, ఏ మనుషులు అని అడగాలి. నీకు మొదటి రోజు నుంచే ఆ అలవాటు ఉంటే చాలా మేలు.

మొదటి కాలర్: ప్రయోగాలు, పేర్లు, సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటే పరీక్షకి సరిపోతుందా?

ప్రొఫెసర్: మార్కులు వస్తాయేమో కానీ సబ్జెక్టు రాదు. ఒక్కటి చెప్తాను. 1950ల్లో సోలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగం ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంటుంది. ఒక గీత చూపించి, పక్కనున్న మూడింట్లో దానికి సమానమైనది ఏదని అడుగుతారు. జవాబు కంటికి కనిపిస్తూనే ఉంటుంది. కానీ గదిలో మిగతావాళ్లంతా ముందే ఆష్‌తో మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తారు. ‘మనుషులు గుంపుని బట్టి పోతారని ఆష్ నిరూపించాడు’ అని నా విద్యార్థులు ఏటా రాస్తారు. లెక్క చూడు. గుంపు తప్పు చెప్పిన సందర్భాల్లో, వచ్చిన జవాబుల్లో సుమారు 37 శాతం గుంపుతో కలిశాయి. మిగతావి కలవలేదు. పాల్గొన్నవాళ్లలో దాదాపు నాలుగో వంతు మంది ఒక్కసారి కూడా లొంగలేదు. గుంపులో ఇంకొక్కరు సరైన జవాబు చెప్పినప్పుడైతే లొంగడం బాగా పడిపోయింది. ఇప్పుడు చెప్పు, ఇది గుంపు బలాన్ని చూపే ప్రయోగమా, ఒక్క తోడు బలాన్ని చూపేదా? రెండూ ఉన్నాయి. ఒక్క వాక్యంలో బట్టీపడితే రెండోది పోతుంది. నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం, అది వేరే సంగతి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు బాబూ. ఇంకో కాలర్ చాలాసేపటి నుంచి వేచి ఉన్నారు. చెప్పమ్మా.

రెండో కాలర్: మేడం, నేను సెకండియర్. సబ్జెక్టంటే ఇష్టమే. కానీ ఈ సెమిస్టర్‌లో స్టాటిస్టిక్స్ ఉంది. లెక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. క్లాసుకి వెళ్లాలంటేనే టెన్షన్. మానేద్దామా అనిపిస్తోంది.

ప్రొఫెసర్: మానేయొద్దమ్మా. దగ్గర పెన్నూ కాగితం ఉన్నాయా?

రెండో కాలర్: ఉన్నాయి మేడం.

ప్రొఫెసర్: అయితే ఇప్పుడే ఒకటి చేద్దాం. డార్లీ, లటానే అనే ఇద్దరు పరిశోధకులు 1968లో అచ్చువేసిన ప్రయోగం. విద్యార్థులు వేరువేరు గదుల్లో కూర్చుని మైకుల్లో మాట్లాడుకుంటారు. మధ్యలో ఒక గొంతు, తనకి మూర్ఛ వస్తోంది, సాయం చేయమని అడుగుతుంది. అది రికార్డు చేసిన గొంతు, వినేవాళ్లకి ఆ సంగతి తెలియదు. కొంతమందికి, వింటున్నది తామొక్కరే అనే నమ్మకం. కొంతమందికి, ఇంకొకరు కూడా వింటున్నారని. మరికొంతమందికి, ఇంకా నలుగురు వింటున్నారని. ఇప్పుడు రాసుకో. మొదటి గుంపులో 13 మంది ఉంటే, ఆ మూర్ఛ ముగిసేలోపు 11 మంది లేచి వెళ్లి చెప్పారు. రెండో దాంట్లో 26కి 16. మూడో దాంట్లో 13కి 4.

రెండో కాలర్: రాశాను.

ప్రొఫెసర్: మొత్తం ఎంతమంది? ఎంతమంది సాయం చేశారు?

రెండో కాలర్: యాభై రెండు మంది. ముప్పై ఒక్కరు చేశారు.

ప్రొఫెసర్: అంటే 60 శాతం. ఎంతమంది వింటున్నారన్నది అసలు లెక్కలోకే రాకపోతే, మూడు గుంపుల్లోనూ దాదాపు 60 శాతమే చేసి ఉండాలి కదా? 13 మంది గుంపులో ఎంతమంది అవుతారు?

రెండో కాలర్: ఎనిమిది కంటే కొంచెం తక్కువ.

ప్రొఫెసర్: అక్కడ నిజంగా వచ్చింది 11. చివరి గుంపులోనూ ఎనిమిది దగ్గర రావాలి, వచ్చింది 4. ఇంత తేడా ఊరికే, కాకతాళీయంగా రావచ్చా? దీన్నే కై-స్క్వేర్ పరీక్ష అంటారు. ఇప్పుడు నువ్వు చేసింది అదే. మిగిలింది ఆ తేడాల్ని ఒక పద్ధతిలో కలిపి ఒక అంకె చెయ్యడం. ఆ పని కంప్యూటర్ చేస్తుంది. జాస్ప్, ఆర్ అని ఈ లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్లున్నాయి, రెండూ ఉచితమే. కంప్యూటర్ చేయలేనిది, ‘రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత’ అన్న ఆ ప్రశ్న అడగడం. నువ్వు అడిగావు.

రెండో కాలర్: క్లాసులో ఫార్ములాతో మొదలుపెట్టారు మేడం, అందుకే ఏమీ అర్థం కాలేదు.

ప్రొఫెసర్: ప్రతి ఫార్ములా వెనకా ఇలాంటి ప్రయోగం ఒకటి పెట్టుకో. టి-టెస్ట్, అంటే రెండు గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష, వచ్చిందంటే రెండు గుంపులున్న ప్రయోగం ఏదైనా తీసుకుని, ముందు చేత్తో వేసి చూడు. ఈ స్టాటిస్టిక్స్ లేకపోతే ఈ సబ్జెక్టులో నిజమేదో, బాగా చెప్పిన కథేదో విడదీయలేం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

వ్యాఖ్యాత: తర్వాతి కాలర్ కూడా దీని గురించే అడుగుతారేమో. చెప్పండి సార్.

మూడో కాలర్: నమస్తే మేడం. నేను పీజీ చేస్తున్నా. నా బాధ వేరు. మూడేళ్లు చదివాక ఇప్పుడేమో సగం ప్రయోగాలు మళ్లీ చేస్తే నిలబడలేదంటున్నారు. స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం చూసే నేను ఈ సబ్జెక్టు తీసుకున్నా. అదీ లోపాల పుట్ట అంటున్నారు. ఇక దేన్ని నమ్మాలి?

ప్రొఫెసర్: మీ బాధ నాకు బాగా తెలుసండీ. ఉన్నదున్నట్టు చెప్తాను. 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలో సైకాలజీలోని 100 ప్రయోగాల్ని మళ్లీ చేశారు. మొదటిసారి 97 శాతంలో ఫలితం కనబడిందన్నారు. మళ్లీ చేస్తే 36 శాతంలోనే కనబడింది. సోషల్ సైకాలజీ విభాగం ఒక్కటే చూస్తే నాలుగో వంతు దగ్గర ఆగింది. కారణాలు కూడా తెలుసు. తక్కువమందితో చేయడం, డేటాని పది రకాలుగా తిప్పి పనికొచ్చిన లెక్కనే అచ్చుకివ్వడం, తేడా ఏమీ రాని ప్రయోగాల్ని పరిశోధన పత్రికలు పక్కన పెట్టడం.

మూడో కాలర్: మరి జైలు ప్రయోగం?

ప్రొఫెసర్: 1971లో కొందరు కుర్రాళ్లని ఖైదీలుగా, కొందర్ని కాపలాదారులుగా ఒక నకిలీ జైల్లో పెట్టి, రెండు వారాలకని మొదలుపెట్టి ఆరు రోజులకే ఆపేశారు. కాపలాదారులుగా ఉన్న కుర్రాళ్లు ఎవరూ చెప్పకుండానే క్రూరంగా మారారని చాలాకాలం చెప్పారు. కానీ కఠినంగా ఉండమని ప్రయోగం నడిపినవాళ్లే వాళ్లని ప్రోత్సహించినట్టు పాత రికార్డింగుల్లో బయటపడింది. 2019లో ఆ వివరాలన్నీ అచ్చయ్యాయి. వేరే సూచనలిచ్చిన ఇంకో కాపలా గుంపుని పెట్టి పోల్చిందీ లేదు. నేనైతే దాన్ని ఇప్పుడు పరిశోధన నీతి పాఠంలోనే చెప్తున్నా.

మూడో కాలర్: అయితే ఇదంతా చదివి ఏం లాభం మేడం?

ప్రొఫెసర్: ఆ తప్పుల్ని పట్టుకున్నది ఎవరనుకున్నారు? ఇదే సబ్జెక్టులో పనిచేసేవాళ్లు చాలామంది. ఇప్పుడు చాలామంది డేటా సేకరించకముందే, ఏం కొలుస్తామో ఎలా లెక్కవేస్తామో రాసి నమోదు చేస్తున్నారు. డేటా అందరికీ తెరిచి పెడుతున్నారు. మీరు అడుగుపెడుతున్నది శుభ్రం చేస్తున్న ఇంట్లోకి. దుమ్ము లేస్తుంది, నిజమే.

ఇందాక అమ్మాయితో వేసిన లెక్కనే తీసుకోండి. పదమూడు మందంటే చిన్న గుంపే. తర్వాత 2019లో కొందరు మూడు దేశాల్లో వీధి గొడవల సీసీటీవీ దృశ్యాలు 219 చూశారు. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా కల్పించుకున్నారు. అంతేకాదు, చుట్టూ జనం ఎక్కువుంటే ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది. ఇంకేం, పాతది అబద్ధమైపోయింది అనొచ్చా?

మూడో కాలర్: అనొచ్చేమో మేడం.

ప్రొఫెసర్: తొందరపడకండి. పాత ప్రయోగం అడిగింది ఒక్కొక్కరూ కదులుతారా అని. వీడియోలు అడిగింది ఆ గుంపులో ఎవరో ఒకరు కదులుతారా అని. ఒక్కొక్కరికీ అవకాశం తగ్గినా, మనుషులు ఎక్కువ ఉంటే ఎవరో ఒకరు కదిలే అవకాశం పెరగొచ్చు. పైగా పాత ప్రయోగంలో ఒకరికొకరు కనబడరు, వీధిలో కనబడతారు. ఏది దేనితో పోల్చారో చూడకపోతే ఈ రెండూ కొట్టుకున్నట్టే ఉంటాయి. మీరు చదివే ప్రతి పరిశోధన పేపర్ మీదా పెన్సిల్‌తో ‘దేనితో పోల్చారు?’ అని రాసి, జవాబు దొరికాకే పేజీ తిప్పండి. మీ పీజీకి ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

మూడో కాలర్: చాలా థాంక్స్ మేడం.

వ్యాఖ్యాత: ఒక తల్లిగారు లైన్లో ఉన్నారు.

నాలుగో కాలర్: అమ్మా, మా అమ్మాయి ఇదే చదువుతోంది. దీంతో ఉద్యోగం వస్తుందా?

ప్రొఫెసర్: ఈ డిగ్రీ పేరుతోనే ఉద్యోగ ప్రకటనలు తక్కువే ఉంటాయండీ. సర్వేలు తయారుచేయడం, డేటా చూడటం, మనుషుల్ని సరిగ్గా ఇంటర్వ్యూ చేయడం వస్తే మార్కెట్ రీసెర్చ్, హెచ్ఆర్, ప్రజారోగ్య కార్యక్రమాలు, స్వచ్ఛంద సంస్థలు, వీటన్నిట్లో పని ఉంటుంది. బోధన, పరిశోధన అయితే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అమ్మాయిని ప్రాజెక్టులు ఎక్కువ చేయమనండి.

వ్యాఖ్యాత: చివరి కాల్. చెప్పమ్మా.

ఐదో కాలర్: మేడం, నాది ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు. సోషల్ మీడియా, ఒంటరితనం. ప్రశ్నలు తయారుచేశా. ఒక్కటి చదవనా? ‘మీరు సోషల్ మీడియా ఎక్కువగా వాడి ఒంటరిగా ఫీల్ అవుతున్నారా? అవును, కాదు.’

ప్రొఫెసర్: ఎక్కువ వాడతాను, ఒంటరితనం మాత్రం లేదు అనేవాళ్లు దేనికి టిక్ పెట్టాలమ్మా?

ఐదో కాలర్: అయ్యో... కాదు అనాలి. కానీ అసలు వాడని వాళ్లదీ కాదే అవుతుంది.

ప్రొఫెసర్: చూశావా. పైగా దీనివల్లే అది అని ప్రశ్నలోనే తీర్పు చెప్పేశావు. విడగొట్టు. నిన్న ఎంతసేపు వాడారని ఒకటి. ఒంటరితనానికి నువ్వు సొంతంగా ప్రశ్న రాయొద్దు. ఇప్పటికే పరీక్షించి చూసిన స్కేళ్లు, అంటే ప్రశ్నల జాబితాలు, ఉన్నాయి, మీ గైడ్‌ని అడుగు. రెండిటికీ సంబంధం కనబడినా, ఏది దేనికి కారణమో నీ సర్వే చెప్పలేదు. ఒంటరిగా ఉన్నవాళ్లే ఎక్కువ వాడుతూ ఉండొచ్చు. రిపోర్టులో ఆ మాట స్పష్టంగా రాయి.

ఐదో కాలర్: ఫ్రెండ్స్‌తో నింపించుకోవచ్చా?

ప్రొఫెసర్: నింపించుకోవచ్చు. కానీ నీ ఫ్రెండ్స్ గురించే నీకు తెలుస్తుంది, అంతకంటే ఎక్కువ చెప్పుకోకు. ముందుగా ఎథిక్స్ అనుమతి తీసుకో. ఇష్టం లేకపోతే మధ్యలో ఆపేయొచ్చని ఫారం మొదట్లోనే రాయి, పేర్లు అడక్కు. ఒంటరితనం గురించి అడుగుతున్నావు కాబట్టి ఎవరికైనా మనసు బాధపడితే ఎవరితో మాట్లాడాలో చివర్లో రాసి పెట్టు. ఎంతమందిని తీసుకుంటావో కూడా ముందే రాసుకుని అక్కడే ఆపు. ఫలితం నచ్చేదాకా జనాన్ని కలుపుకుంటూ పోకూడదు.

ఐదో కాలర్: ఫారాలు ప్రింట్ తీసేశా మేడం.

ప్రొఫెసర్: పంచలేదు కదా?

ఐదో కాలర్: లేదు, రేపు పంచుదామనుకున్నా.

ప్రొఫెసర్: అయితే ఆగు. కొత్త ఫారం రాసి, ముందు సైకాలజీ చదవని నలుగురైదుగురికి ఇచ్చి, ఒక్కో ప్రశ్న వాళ్లకి ఎలా అర్థమైందో పైకి చెప్పమను. నువ్వనుకున్నదీ వాళ్లు చెప్పిందీ కలవని చోటల్లా మార్చు. ఆ తర్వాతే ప్రింటు.

ఐదో కాలర్: సరే మేడం. ఇవాళే గైడ్‌కి ఫోన్ చేస్తా.